నా కాలిలో రెండు లోహాలు

జూన్ 11

ఈ డైరీ మా వాడు తెచ్చిచ్చాడు. "మంచంలోంచి మా మీద అరిచే బదులు ఏదైనా రాసుకో అమ్మా" అన్నాడు. అరవడం, రాయడం రెండూ చేయగలను. విరిగింది కాలు, నోరు కాదు.

బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డాను. తప్పు స్టూలుది. మోకాలి కింద పెద్ద ఎముక పైభాగంలో విరిగింది. ఆపరేషన్ చేసింది మా కోడలే, ఎముకల డాక్టరు. ఇంటివాళ్ళకు ఇంటి డాక్టరు కత్తి పెట్టకూడదని వాళ్ళ ఆసుపత్రిలో ఒక మాట ఉందట. నేను స్ట్రెచర్ మీంచే పట్టుబట్టాను, నా కాలు ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టనని. "అత్తయ్యా, నా చెయ్యి వణికితే?" అంది. "నీ చెయ్యి వంటింట్లో తప్ప ఎక్కడా వణకదు" అన్నాను. నా లెక్కలో అది పొగడ్త.

లోపల ఒక ప్లేటు, దాన్ని ఎముకకు బిగించిన స్క్రూలు. టైటానియం. "తేలికైన లోహం అత్తయ్యా, ఒంటికి పడుతుంది" అని చెప్పింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పినదాన్ని, నాకు టైటానియం గురించి చెప్పడం. అయినా విన్నాను. మంచంలో ఉన్నప్పుడు వినడం తప్ప పని ఏముంది.

మోకాలు వంచే వ్యాయామం రోజూ చేయమంది. రేపటి నుంచి.

జూన్ 14

నొప్పి.

జూన్ 15

నొప్పి. వ్యాయామం చేయించడానికి ఒక పిల్ల వస్తోంది. నవ్వుతూ కాళ్ళు విరిచే రకం. "నొప్పిగా ఉంటే మానేద్దాం అవ్వా" అంటుంది. నొప్పిగానే ఉంది. మానేశాం.

జూన్ 17

మనవరాలి చేత కొత్త ఎక్స్‌రే కిటికీ అద్దానికి ఆనించి పట్టించాను. కాలేజీకి వేళవుతోందని గునుస్తూనే పట్టుకుంది.

ప్లేటు బూడిదరంగు నీడలా ఉంది. స్క్రూలూ అంతే. కింది రెండు మాత్రం కాదు. అవి తెల్లగా, సున్నం వేసినట్టు మెరుస్తున్నాయి. ఒకే లోహమైతే ఎక్స్‌రేలో ఒకేలా కనిపించాలి. ఎక్స్‌రేని ఎక్కువ అడ్డుకునేదే ఎక్కువ తెల్లగా కనిపిస్తుంది. టైటానియం తక్కువ అడ్డుకుంటుంది, స్టీలు ఎక్కువ.

"ఈ రెండూ వేరే లోహమే" అన్నాను, నాలో నేను అనుకున్నట్టుగా.

మనవరాలు ఎక్స్‌రే దించేసింది. "అదా? అమ్మ నీకు చెప్పలేదా నానమ్మా?" అని నాలిక కరుచుకుంది.

"ఏం చెప్పలేదు?"

"ఏం లేదు."

"ఇంట్లో ఇంకెవరికి తెలుసు?"

"నాన్నకి." సంచి భుజాన తగిలించుకుంటూ, "అందరికీ" అంది.

అందరికీ. నా కాలిలో ఏముందో నాకు తప్ప అందరికీ తెలుసు. పనిమనిషికి కూడా తెలిసే ఉంటుంది. అడగలేదు, వినే ఓపిక లేక.

జూన్ 17, సాయంత్రం

కోడలు ఇంటికి రాగానే చెప్పులైనా విడవనీయలేదు.

"అమ్మాయ్, కింది రెండు స్క్రూలు ఏమిటవి?"

బుకాయించలేదు. అంతవరకు మెచ్చుకోవాలి. "స్టీలువి అత్తయ్యా" అంది. "టైటానియంలో ఆ పొడవు స్క్రూలు ట్రేలో లేవు. ఒక్కో కొలతకి ట్రేలో ఒక్కో గూడు ఉంటుంది. ఆ గూళ్ళు ఖాళీ. కాలు తెరిచి ఉంది. కింద రెండు కంతలు అలా వదిలేస్తే ప్లేటు ఊగుతుంది. స్టీలువి సరిగ్గా సరిపోయాయి, వేశాను."

"ఉప్పునీటిలో రెండు లోహాలు ఒకదానికొకటి తగిలితే ఏమవుతుంది?"

"అత్తయ్యా..."

"ఏమవుతుంది?"

"బ్యాటరీ సెల్ అవుతుంది" అంది, పదో తరగతి పిల్లలా.

"మనిషి ఒళ్ళంతా ఉప్పునీరే కదా. నిమ్మకాయల్లో రాగి ముక్కలు, జింకు ముక్కలు గుచ్చి పిల్లల చేత చిన్న బల్బు వెలిగింపించాను. ఇప్పుడు ఆ నిమ్మకాయ నేనన్నమాట. బల్బు ఒకటి తెచ్చి తగిలించండి, కరెంటు పోయినప్పుడు ఇంటికి వెలుగైనా ఉంటుంది."

మా వాడు నవ్వాడు. నేను చూశాక ఆపాడు.

కోడలు నిలబడే చెప్పింది. ఈ రెండు లోహాలూ పైన సన్నటి పొర తొడుక్కునే రకం. ఆ పొర ఉన్నంతవరకు వాటి మధ్య కరెంటు నడవడం లెక్కలోకి రానంత తక్కువ. పాత పుస్తకాలు కలపొద్దంటాయి. ఈమధ్య చూసినవాళ్ళు ఎముక అతికే వరకు పెద్దగా ఇబ్బంది కనపడలేదంటున్నారు. తుంటి కీలు మార్చినప్పుడు కావాలనే రెండు లోహాలు కలుపుతారు, అక్కడా కొందరికి ఇబ్బంది వచ్చింది, చాలామందికి రాలేదు.

"పొర గీసుకుపోతే?" అన్నాను.

"స్క్రూ వదులై కదిలితే గీసుకుపోతుంది. అందుకే ప్రతి ఎక్స్‌రేలోనూ వాటినే చూస్తున్నాను. వదులవలేదు."

"నువ్వు చూస్తున్నావు. నాకు చెప్పడం మాత్రం కుదరలేదు."

అప్పుడు మా వాడు నోరు తెరిచాడు. "నేనే వద్దన్నానమ్మా. నువ్వు ఊరుకోవు కదా. కెమిస్ట్రీ క్లాసు మొదలుపెడతావని..."

ఇన్నేళ్ళుగా కన్న కొడుకు నా గురించి అనుకునేది ఇదన్నమాట. పెద్దావిడ, ఊరుకోదు, చెప్పొద్దు. పిల్లి వస్తే పాలగిన్నె మీద మూత పెట్టినట్టు.

నాకు కోపం లేదు. ఇది శాస్త్రానికి సంబంధించిన విషయం.

జూన్ 18

నాకు కోపం లేదు. ఆసుపత్రికి ఫిర్యాదు రాసి ఫోన్‌లోంచే పంపాను. అనుమతి లేకుండా రెండు రకాల లోహాలు పెట్టారు, నొప్పి తగ్గడం లేదు, తీయించాలి అని. కోడలి పేరు రాయాల్సి వచ్చింది, రాశాను. శాస్త్రానికి కోడళ్ళూ అత్తలూ ఉండరు.

వ్యాయామం: ఈ మనస్థితిలో ఎవరు చేస్తారు.

జూన్ 19

పొద్దున్నే కోడలు నా బల్ల మీద ఒక పొట్లం పెట్టింది. కొంచెం వంకర పోయి పక్కన పడేసిన టైటానియం స్క్రూ ఒకటి, స్టీలుది ఒకటి. "మీరే చూసుకోండి అత్తయ్యా" అని వెళ్ళిపోయింది. ఫిర్యాదు సంగతి తనకింకా తెలియదు.

రెంటినీ తీగతో కట్టి, ఖాళీ జామ్ సీసాలో ఉప్పునీళ్ళు పోసి, అందులో వేలాడదీశాను. కిటికీ గట్టు మీద పెట్టించాను. తుప్పు కనపడగానే భోజనాల బల్ల మధ్యలో పెడతాను, పూలకుండీలా.

జూన్ 20

సీసాలో ఏమీ లేదు.

జూన్ 21

ఏమీ లేదు. ఉప్పు చాలలేదేమో. ఇంకో రెండు చెంచాలు వేశాను.

జూన్ 22

గోధుమరంగు మచ్చ. భూతద్దం పెట్టి చూశాను. సీసా బయట, టీ మరక.

జూన్ 23

ఫిర్యాదు వాళ్ళకు చేరింది. కోడలిని ఆపరేషన్లకు రావద్దన్నారట, విచారణ అయ్యేదాకా.

ఈ మాట మా వాడు చెప్పాడు. తను చెప్పలేదు. తను మధ్యాహ్నమే ఇంటికొచ్చి బట్టలు మడతపెట్టుకుంది. పట్టపగలు తను బట్టలు మడతపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. చొక్కాలను కూడా గాయానికి కట్టు కట్టినట్టు బిగించి మడతపెడుతోంది.

"అమ్మా, తన ఉద్యోగం పోవచ్చు, నీకు అర్థమవుతోందా?" అన్నాడు మా వాడు.

"నాకు అన్నీ అర్థమవుతాయి. మీరు చెబితే" అన్నాను.

వాడు తలుపు వేసుకుని వెళ్ళాడు. మెల్లగానే వేశాడు. గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

జూన్ 25

ఆసుపత్రికి పిలిచారు. కోడలి పైవాడు, ఎముకల విభాగానికంతా పెద్ద. కోటుకు మడత ఉండదు, మాటకూ ఉండదు. ఇస్త్రీ డాక్టరు అని పేరు పెట్టాను. నన్ను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకురాగానే లేచి నిలబడ్డాడు.

"మీలాంటి చదువుకున్నవారు కాబట్టి పట్టుకోగలిగారు మేడమ్" అన్నాడు. "మీ నొప్పికి కారణం ముమ్మాటికీ ఆ రెండు స్క్రూలే. మొత్తం తీసేసి నేనే మళ్ళీ చేస్తాను. మీరు విచారణలో ఇదే మాట చెబితే చాలు."

మనసు చల్లబడింది. ఎన్నాళ్ళకు ఒకరు నేను చెప్పింది సరే అన్నారు.

జూన్ 26

నేను చెప్పింది సరే.

జూన్ 27

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నాడట ఒకడు. ఆ సామెత పొద్దుటి నుంచి చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఇస్త్రీ డాక్టరు నా నొప్పికి కారణం చెప్పాడు. నా మోకాలు ముట్టుకోలేదు. ఎక్కడ నొప్పి అని అడగలేదు. వంచి చూపించమనలేదు. నా కాలు చూడకుండా నా కోపాన్ని చూశాడు, అది తనకు పనికొస్తుందనుకున్నాడు.

విచారణలో చెప్పాలంటే సరిగ్గా చెప్పాలి కదా. కొలతలతో చెప్పాలి. ఎక్స్‌రే పక్కన పెట్టుకుని, మోకాలి చిప్ప అంచు నుంచి కొలిచి, తెల్ల స్క్రూలున్న చోట కాలి మీద నీలి పెన్నుతో రెండు చుక్కలు పెట్టాను. తర్వాత కళ్ళు మూసుకుని, మోకాలు వంచి, నొప్పి పుట్టిన చోట వేలు పెట్టాను. అక్కడ ఎర్ర చుక్క.

ఎర్ర చుక్కకూ నీలి చుక్కలకూ మధ్య జానెడు దూరం ఉంది. ఎర్ర చుక్క మోకాలి చిప్పకు పైన, తొడ కండ మీద. స్క్రూలు మోకాలికి చాలా కింద. ప్లేటు కూడా అంత పైకి రాదు.

మళ్ళీ కొలిచాను.

స్కేలు తప్పేమోనని మనవరాలి స్కేలు తెప్పించి కొలిచాను.

జూన్ 28

కదలక బిగుసుకుపోయిన కండ నొప్పి పెడుతుంది. ఇది రసాయన శాస్త్రం కాదు, నా పాఠం కాదు.

కాళ్ళు విరిచే పిల్ల వస్తే మానేద్దామని ఈసారి నేననలేదు. చేశాను. ఏమనుకున్నానో ఇక్కడ రాయను, ఈ కాగితాలు ఎవరైనా చదువుతారేమో.

జూన్ 30

కోడలు వంటింట్లో ఉంటే కుర్చీ తోసుకుంటూ వెళ్ళాను. నేను వెళ్ళానంటే తిట్టడానికే అనుకుని స్టవ్ కట్టేసి ఇటు తిరిగింది.

"ట్రేలో ఖాళీ గూళ్ళన్నావు. ఎన్నాళ్ళ నుంచి ఖాళీ?"

"చాలా కాలం నుంచి."

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్పాను. వస్తాయి, ఉన్నవాటితో సర్దుకోండి అంటారు సారు. ఆ రోజు మీ కాలు వాచిపోతోంది, ఆగడానికి లేదు. సర్దుకున్నాను."

"ట్రేలు నింపాల్సింది ఆయనేనా?"

"స్టోరు ఆయన కిందే." గరిటె పక్కన పెట్టి, "అది కాదు అత్తయ్యా విషయం" అంది. "స్క్రూలు వేసింది నేను. చెప్పనిదీ నేను. ఆయన మీదికి తొయ్యను."

"నిన్ను తొయ్యమన్నానా?"

"మరెందుకడిగారు?"

"తెలుసుకోవడానికి. ఈ ఇంట్లో అడిగితే గానీ ఏదీ తెలియదు కదా."

స్టవ్ మళ్ళీ వెలిగించింది. మూత ఠంగుమని పెట్టింది. నాకిప్పుడు కోపం ఉంది. ఉన్నదాన్ని లేదని ఎంతకాలం రాస్తాను. ఎవరి మీద ఎంత అనేదే తేల్చుకోవాలి. ఇన్నాళ్ళూ అంతా కలిపి ఒకరి నెత్తినే పోశాను.

జూలై 3

విచారణ.

పొడవాటి బల్ల. ఒక పక్క ఇస్త్రీ డాక్టరు, ఆసుపత్రి మేనేజరు. మధ్యలో బయటి నుంచి పిలిపించిన పెద్దావిడ, తనూ ఎముకల డాక్టరే, జుట్టు నాలాగే ముగ్గుబుట్ట. ఆ చివర ఒంటరిగా కోడలు. మా వాడు నా కుర్చీ వెనక నిలబడ్డాడు, దొంగకు తేలు కుట్టినట్టు.

నా ఫిర్యాదును మేనేజరు చదివాడు. నేను రాసిన వాక్యాలే ఆ గొంతులో వేరేలా వినిపించాయి. అక్షర దోషాలైతే లేవు.

ఇస్త్రీ డాక్టరు అందుకున్నాడు. "రెండు లోహాల వల్లే పేషెంటుకు ఈ బాధ. మళ్ళీ తెరిచి మొత్తం తీయాలి. ఇలాంటి నిర్ణయాలు తీసుకునే డాక్టరును థియేటర్‌లోకి రానివ్వడం ఇక..."

"ఆగు బాబూ" అన్నాను. "బాధ నాది. నేను చెబుతాను."

బట్ట మోకాలి పైకి జరిపాను. నీలి చుక్కలు, ఎర్ర చుక్క. స్నానంలో పోకుండా పొద్దున్నే మళ్ళీ దిద్దుకున్నాను. "ఇవి స్క్రూలు. ఇది నొప్పి. వీటి మధ్య ఇంత దూరముంది. నొప్పి వీటి వల్లే అని ఈయన కాలు ముట్టుకోకుండానే తేల్చారు. మా స్కూల్లో ప్రయోగం చేయకుండా ఫలితం రాసిన పిల్లలకు నేను సున్నా వేసేదాన్ని."

పెద్దావిడ లేచొచ్చింది. కింద నొక్కింది. "ఇక్కడ?" లేదన్నాను. పైన నొక్కింది. నోటికొచ్చిన మాట మింగాను. వంచింది. ఎక్స్‌రే దీపానికి పట్టి స్క్రూల చుట్టూ చాలాసేపు చూసింది.

"ఎముక అతుకుతోంది. స్క్రూల చుట్టూ వదులు లేదు. ఇప్పుడు తీస్తే ఉన్నది చెడుతుంది" అంది. "వ్యాయామం చేస్తున్నారా?"

గదంతా నా వైపు చూసింది. కోడలు మాత్రం బల్ల వైపు చూసింది.

"అయిదు రోజులుగా" అన్నాను.

"అంతకు ముందు?"

"అంతకు ముందు ఫిర్యాదులు రాస్తున్నాను."

పెద్దావిడ నవ్వలేదు గానీ, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

మేనేజరు ఊపిరి పీల్చుకుని, "అయితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నారా అమ్మా?" అన్నాడు.

"తీసుకోను. సరిచేస్తాను, రాసుకోండి. నొప్పి గురించిన వాక్యం కొట్టేయండి, అది నా తప్పు. స్క్రూలు పెట్టినందుకు ఈ డాక్టరు మీద ఫిర్యాదు లేదు. తెరిచిన కాలు ముందుంటే ఎవరైనా ఉన్నవే పెడతారు. ఇక ఇస్త్... ఈ పెద్ద డాక్టరుగారిని ఒక్క మాట అడగాలి. ట్రేలో ఖాళీ గూళ్ళు నింపాల్సింది ఎవరు?"

"సప్లై ఆలస్యం..."

"ఎవరని అడిగాను."

పెద్దావిడ ఆయన వైపు తిరిగింది. "నేనూ అదే అడుగుతున్నాను" అంది. ఆయన కోటుకు అప్పుడు మొదటిసారి ఒక మడత చూశాను, మోచేతి దగ్గర.

"అయితే మీ కోడలి మీద ఇంక ఏమీ లేదు కదా?" అన్నాడు మేనేజరు, త్వరగా ముగిద్దామని.

"ఉంది. చెప్పకుండా దాచినందుకు. నా ఒంట్లో ఏం పెట్టారో నాకు మెలకువ రాగానే చెప్పాలి. అత్తనని కాదు, కాలు నాదని. పెట్టడం వేరు, దాచడం వేరు. ఆ రెంటినీ కలపకండి. ఒకటి కొట్టేసి రెండోది ఉంచండి."

కోడలు తలెత్తి నన్ను చూసింది. మొహంలో కృతజ్ఞత ఏమీ లేదు. ఉంటే నాకు నచ్చేది కాదు.

జూలై 3, ఇంకా

కారులో మా వాడిని వెనక కూర్చోమన్నాను. తను నడిపింది.

"మెలకువ రాగానే చెప్పుంటే ఏమనేవారు?" అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"తీసెయ్యమనేదాన్ని."

"మళ్ళీ కోయమనేవారు. అదే నా భయం. చెప్పానంటే మీరు నా చేతే తీయిస్తారు, తీశానంటే కాలు పోతుంది."

"తియ్యనని చెప్పాల్సింది. నేను అరిచేదాన్ని. అరవనివ్వాల్సింది."

"మీరు అరిస్తే ఎలా ఉంటుందో మీకు తెలియదత్తయ్యా."

"తెలుసు. అందుకే అరుస్తాను."

వెనక నుంచి మా వాడు, "నేనన్నానుగా, అమ్మకి చెబితే..." అన్నాడు.

"నువ్వు నోర్ముయ్" అన్నాం. ఇద్దరమూ.

జూలై 9

కోడలికి హెచ్చరిక కాగితం ఇచ్చారు, దాచినందుకు. ఆపరేషన్లకు రమ్మన్నారు. స్టోరు ఇస్త్రీ డాక్టరు చేతిలోంచి తీసి వేరేవాళ్ళకు ఇచ్చారట. కాగితం తనే నాకు చూపించింది. చదివి ఇచ్చాను. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

మోకాలు కుర్చీ అంచు దాకా వంగుతోంది. కోడలే వంచుతోంది, ఆ పిల్లను మానిపించి. తనకు జాలి లేదు. నేను కేక పెడితే, "స్క్రూల దగ్గరా, పైనా?" అని అడుగుతుంది.

జూలై 13

సీసాలో ఏమీ లేదు. ఏమీ కాకపోవడం కూడా ఫలితమే అని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. సీసా మనిషి కాదు, సీసా నడవదు, సీసాలో స్క్రూ మీద బరువు పడదు. కాబట్టి నమ్మకం కుదిరిందని రాయను. ప్రతి ఎక్స్‌రే నేనూ చూస్తాను. తను కిటికీకి ఆనించి పట్టుకుంటుంది, అడగకుండానే.

జూలై 17

ఇవాళ సాయంత్రం కోడలు వచ్చి బ్యాగు కింద పెట్టకుండానే నా ఎదుట కూర్చుంది.

"డ్రిల్లు మొన విరిగి ఒకతని ముంజేయి ఎముకలో ఉండిపోయింది అత్తయ్యా. స్టీలు ముక్క, గోరంత. పక్కనే టైటానియం ప్లేటు. ముక్క తీయాలంటే మంచి ఎముక తవ్వాలి. వదిలేశాను."

"చెప్పావా?"

"మెలకువ రాగానే. అతనేమీ అనలేదు. వాళ్ళమ్మ ఉంది అక్కడ. వార్డు మధ్యలో అరగంట తిట్టింది."

"ఏమని?"

"చేతకాకపోతే చెప్పాల్సింది, ఇంకో డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళం అంది. నా కొడుకు చెయ్యి నీకు చెత్తబుట్టలా కనపడిందా, విరిగిందల్లా అందులో పడేశావు అంది."

మాట బాగుంది. మనసులో రాసిపెట్టుకున్నాను.

"నువ్వేం చేశావు?"

"నిలబడి విన్నాను. అడిగినవాటికి జవాబు చెప్పాను. ఆవిడ శాంతించలేదు." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అవి వణుకుతున్నాయి. "ప్రాణం పోయినంత పనైంది అత్తయ్యా. దీనికన్నా చెప్పకపోవడమే సుఖం."

"సుఖం నీకు" అన్నాను.

"అవును. నాకే." లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"ఆవిడ మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"గురువారం, కట్టు చూపించడానికి. ఏం?"

"నన్నూ తీసుకెళ్ళు. కుర్చీ వద్దు, కర్ర పట్టుకుని వస్తాను. ఆవిడ పక్కన కూర్చుంటాను."

"ఆవిడకి సర్దిచెప్పడానికా?" అంది, మొహంలో కొంచెం ఆశతో.

"సర్దిచెప్పడమేమిటి? ముక్క కదులుతోందో లేదో ఎన్నాళ్ళకొకసారి చూస్తావు, కదిలితే ఏం చేస్తావు, ఈ రెండూ ఆవిడ అడిగి ఉండదు. కోపంలో మనిషికి తిట్లు గుర్తొస్తాయి, ప్రశ్నలు గుర్తురావు. నేను అందిస్తాను."